శిక్ష ఖరారు చేసే ఆ కాసేపటి గురించి

తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ హైకోర్టుల గౌరవనీయ ప్రధాన న్యాయమూర్తులకు,



మీ పరిధిలోని ఏ పోక్సో కోర్టులోనైనా తీర్పు రోజున కనిపించే దృశ్యంతో ఈ లేఖ మొదలవుతుంది. నేరం రుజువైందని జడ్జిగారు చదివి వినిపిస్తారు. బోనులో నిలబడ్డవాడు అప్పటిదాకా ముద్దాయి, ఆ క్షణం నుంచి దోషి. శిక్ష విషయంలో చెప్పుకునేదేమైనా ఉందా అని అడుగుతారు. ముసలి తల్లి ఉందనో, పిల్లలు చిన్నవాళ్లనో, ఇంటికి తనే దిక్కనో అంటాడతను. కనికరించమని అతని లాయరు రెండు ముక్కలు చెబుతాడు. కనికరానికి తగినవాడు కాదని ప్రభుత్వ న్యాయవాది ఇంకో రెండు ముక్కలు చెబుతాడు. ఆ నాలుగు ముక్కలూ టైపవుతాయి. చాలాసార్లు భోజన విరామానికి ముందే పదేళ్లో, ఇరవయ్యేళ్లో, చచ్చేదాకానో ఖరారైపోతుంది.

నేరం జరిగిందా లేదా తేల్చడానికి ఏళ్లు పట్టి ఉంటుంది. డాక్టరును అడిగారు, ల్యాబ్ రిపోర్టు తెప్పించారు, స్కూలు రిజిస్టర్లో పుట్టినతేదీ చూశారు, పంచనామా సాక్షిని గంటసేపు క్రాస్ చేశారు. ఆ మనిషిని ఎన్నాళ్లు ఉంచాలి, ఉంచి ఏం చేయాలి, బయటికొచ్చాక మళ్లీ అదే పని చేస్తాడా అన్న ప్రశ్నలకు మాత్రం ఒక్క కాగితమూ, ఒక్క సాక్షీ ఉండరు. శిక్ష మీద విడిగా వాదన వినాలని పాత నేర విచారణ స్మృతి 235(2) చెప్పింది, కొత్త భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 258(2) కూడా అదే చెబుతోంది. వినడం జరుగుతోంది. వినడానికి అక్కడ ఏముందన్నదే ఈ లేఖ అడుగుతున్న సంగతి.

ఈ విషయంలో న్యాయమూర్తులకు బహిరంగ లేఖ రాయడం కొత్తేమీ కాదు. 1979 సెప్టెంబరులో ఉపేంద్ర బక్షి, లోతికా సర్కార్, వసుధా ధగంవార్, రఘునాథ్ కేల్కర్ అనే నలుగురు న్యాయశాస్త్ర అధ్యాపకులు అప్పటి భారత ప్రధాన న్యాయమూర్తికి ఒక లేఖ రాశారు. మహారాష్ట్రలోని దేశాయిగంజ్ పోలీస్ స్టేషన్లో ఒక ఆదివాసీ బాలికపై జరిగిన అత్యాచారం కేసులో సుప్రీంకోర్టు ఇద్దరు పోలీసులనూ వదిలేసింది. ఒంటిమీద గాయాల్లేవు కాబట్టి ఆమె ఇష్టపడే ఉంటుందన్నది ఆ తీర్పులోని తర్కం. మధుర కేసుగా అందరికీ తెలిసినది అదే. అంతకు ఏడాది ముందే హైదరాబాద్ నల్లకుంట స్టేషన్లో ఒక మహిళపై అత్యాచారం జరిగి, పోలీసుల దెబ్బలకు ఆమె భర్త చనిపోతే నగరం అట్టుడికింది. ఈ రెండు కేసుల మీద లేచిన ఆగ్రహమే 1983 చట్ట సవరణకు దారితీసింది.

ఆ లేఖ రాసిన నెలలోనే సుప్రీంకోర్టు నుంచి ఇంకో తీర్పు వచ్చింది. దాన్ని గుర్తుంచుకున్నవాళ్లు తక్కువ. హర్యానాలో ఇరవై రెండేళ్ల యువకుడు పక్కింట్లోకి చొరబడి, పట్టపగలు, ఒంటరిగా ఉన్న బంధువుల అమ్మాయిపై అత్యాచారం చేశాడు. నాలుగేళ్ల శిక్ష పడింది. జస్టిస్ కృష్ణయ్యర్ దాన్ని రెండేళ్లకు తగ్గించారు. కుర్రాడు, పాత నేరాలు లేవు, వయసులో ఉన్న భార్య ఉంది, చూసుకోవాల్సిన పొలం ఉంది, ధ్యానం వంటివి నేర్పితే కామోద్రేకం చల్లారుతుంది అన్న ధోరణిలో ఆ తీర్పు నడుస్తుంది.

ఇది రాసింది ఎవరో కఠినాత్ముడు కాదు. ఖైదీ కూడా మనిషేనని దేశానికి నేర్పిన న్యాయమూర్తి ఆయన. 1977లో మన ఆంధ్రప్రదేశ్ నుంచే వెళ్లిన ఒక మోసం కేసులో, శిక్ష వేసే జడ్జికి దోషి గురించి కోర్టుల్లో ఏ సమాచారమూ అందడం లేదని ఆయనే వాపోయారు. అందులో మూడేళ్ల శిక్షను పద్దెనిమిది నెలలకు తగ్గించి, జైల్లో ఆ యువకుడికి ఎలాంటి పని ఇవ్వాలో కూడా రాశారు. ఉద్యోగాలిప్పిస్తానని డబ్బు గుంజినవాడి విషయంలో ఆ దృష్టి చక్కగా సరిపోయింది. అదే దృష్టి హర్యానా కేసుకు వచ్చేసరికి దారి తప్పింది. అత్యాచారాన్ని అదుపు తప్పిన కోరికగా చూశారు. ఒకరి శరీరంపై ఇంకొకరు చెలాయించిన అధికారంగా చూడలేదు. జబ్బును తప్పుగా గుర్తిస్తే మందు సరైనదెలా అవుతుంది? దోషిని బాగుచేయడమంటే దోషిపై జాలిపడడం అన్న అర్థం మన కోర్టుల్లో ఆ రోజుల్లోనే పాతుకుపోయింది.

1983 సవరణ అత్యాచారానికి ఏడేళ్ల కనీస శిక్ష పెట్టింది. అయితే “తగిన, ప్రత్యేక కారణాలు” ఉంటే అంతకన్నా తగ్గించే వెసులుబాటును కోర్టులకు ఉంచింది. ఆ చిన్న కిటికీలోంచి ముప్పయ్యేళ్లలో ఏమేం దూరాయో తీర్పుల సంపుటాలు తిరగేస్తే తెలుస్తుంది. కర్ణాటకలో ఏడెనిమిదేళ్ల పాపపై అత్యాచారం చేసిన నలభై తొమ్మిదేళ్లవాడికి పదేళ్లు పడితే, హైకోర్టు నాలుగేళ్లకు దించింది. కారణాలు: పల్లెటూరివాడు, చదువులేనివాడు, తాగుడు అలవాటుంది, ముసలి తల్లి, భార్య, పిల్లలు ఉన్నారు. 2000లో సుప్రీంకోర్టు పదేళ్లనే తిరిగి ఖాయం చేసి, ఇవి ప్రత్యేక కారణాలు కావని గట్టిగానే చెప్పింది. పదకొండేళ్ల తర్వాత అదే సుప్రీంకోర్టు, 1997 నాటి ఒక సామూహిక అత్యాచారం కేసులో, అనుభవించిన మూడున్నరేళ్లే చాలని ముగ్గురినీ వదిలేసింది. ఆమెకు పెళ్లయి పిల్లలున్నారట, రెండు పక్షాలూ రాజీ పడ్డాయట. తలా యాభై వేల జరిమానా వేశారు. అత్యాచారం కేసులో రాజీ అన్నది శిక్ష తగ్గించడానికి కారణం కాదని ముగ్గురు జడ్జీల ధర్మాసనం తేల్చడానికి 2013 దాకా ఆగాల్సి వచ్చింది. 2020లో మధ్యప్రదేశ్ హైకోర్టు ఒక నిందితుడికి బెయిలిస్తూ బాధితురాలితో రాఖీ కట్టించుకోమంది. మరుసటేడు మార్చిలో సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది.

ఇన్ని కేసుల్లో ఎక్కడా దోషి మారతాడా లేదా అని నిజంగా ఎవరూ చూడలేదు. తల్లి వయసు చూశారు, పిల్లల సంఖ్య చూశారు, పెళ్లి చూశారు. సంస్కరణ అన్న మాట వినగానే బాధితుల పక్షం ఉలిక్కిపడుతోందంటే ఆ భయం వెనక ఈ చరిత్రంతా ఉంది.

విసిగిపోయిన పార్లమెంటు కిటికీ మూసేసింది. 2012 డిసెంబరు ఢిల్లీ ఘటన తర్వాత జస్టిస్ జె.ఎస్.వర్మ కమిటీ 29 రోజుల్లో నివేదిక ఇచ్చింది. శిక్షలు పెంచమంది, మరణశిక్ష వద్దంది, రసాయనాలతో పుంసత్వం తీసేయడం కూడా వద్దంది. 2013 చట్టం ఆ వెసులుబాటు కారణాల్ని తొలగించి, కమిటీ వద్దన్న మరణశిక్షను మాత్రం కొన్ని సందర్భాలకు చేర్చింది. 2018లో కనీస శిక్ష పదేళ్లయింది. పదహారేళ్లలోపు బాలికల విషయంలో ఇరవయ్యేళ్లు, పన్నెండేళ్లలోపైతే ఉరి దాకా వెళ్లింది. 2019లో పోక్సోను కూడా ఆ మేరకు దిద్దారు. 2024 జూలై 1న వచ్చిన భారతీయ న్యాయ సంహిత ఈ నిచ్చెనను అలాగే ఉంచి, పద్దెనిమిదేళ్లలోపు బాలికలపై సామూహిక అత్యాచారానికి ఉరి శిక్షను కూడా చేర్చింది. ఇవాళ మీ కింది కోర్టుల జడ్జికి కనీస శిక్ష కిందికి దిగే అధికారం లేదు. పైకి ఎంతవరకు ఎక్కాలో చెప్పేవాళ్లూ లేరు.

2019 సంవత్సరం మన రెండు రాష్ట్రాలకూ బాగా గుర్తుంటుంది. ఆ జూన్‌లో హనుమకొండలో తొమ్మిది నెలల పసిపాపను ఎత్తుకెళ్లి చంపిన కేసులో వరంగల్ కోర్టు రెండు నెలలు తిరగకముందే, ఆగస్టు 8న, ఉరిశిక్ష వేసింది.  నవంబరులో తెలంగాణ హైకోర్టు దాన్ని తుదిశ్వాస దాకా జైలుగా మార్చింది. అదే నెల 27న శంషాబాద్ దగ్గర పశువైద్యురాలిపై జరిగిన ఘోరం, డిసెంబరు 6 తెల్లవారుజామున చటాన్‌పల్లి వద్ద నలుగురు నిందితుల ఎన్‌కౌంటరు అందరికీ తెలిసినవే. ఆ పోలీసులపై పూలు చల్లినవాళ్లలో ఎందరు సుప్రీంకోర్టు నియమించిన జస్టిస్ సిర్పుర్కర్ కమిషన్ నివేదికను 2022లో చదివారో తెలియదు. చంపాలన్న ఉద్దేశంతోనే కాల్పులు జరిపారని, చనిపోయినవాళ్లలో ముగ్గురు మైనర్లని, పదిమంది పోలీసులపై విచారణ జరగాలని అందులో ఉంది. ఎన్‌కౌంటర్ జరిగిన వారానికే ఆంధ్రప్రదేశ్ శాసనసభ దిశ బిల్లు ఆమోదించింది. ఏడు రోజుల్లో దర్యాప్తు, పద్నాలుగు రోజుల్లో విచారణ, మొత్తం ఇరవై ఒక్క రోజుల్లో తీర్పు అన్నది దాని లెక్క. రాష్ట్రపతి ఆమోదం దానికి దొరకలేదు.

తొందర ఏం చేస్తుందో బెజవాడ వాళ్లకు చెప్పనక్కర్లేదు. 2007 డిసెంబరులో ఇబ్రహీంపట్నం హాస్టల్లో ఒక ఫార్మసీ విద్యార్థిని హత్యాచారానికి గురైంది. దొరికినవాడొకడు దొరికాడు. 2010లో మహిళా కోర్టు అతనికి పద్నాలుగేళ్లు వేసింది. 2017 మార్చి 31న హైకోర్టు అతను నిర్దోషి అంది. అప్పటికి ఎనిమిదేళ్లకు పైగా జైల్లోనే ఉన్నాడు. ఆ కేసులో అతనికి ఉరి పడి, అది అమలై ఉంటే హైకోర్టు చేతిలో మిగిలేది ఒక ఫైలు. అసలు దోషి ఎవరని ఆ విద్యార్థిని తల్లిదండ్రులు అప్పుడూ అడిగారు, ఇప్పుడూ అడుగుతున్నారు.

ఇక్కడొక విచిత్రం ఉంది. మనిషిని ఉరితీయాలా వద్దా అన్న ప్రశ్న వచ్చినప్పుడు మాత్రం మన న్యాయవ్యవస్థ ఎంతో శ్రద్ధగా చదువుకుంటుంది. దోషి ఇక మారడని నిరూపించాల్సిన బాధ్యత ప్రభుత్వానిదేనని 1980లో బచన్ సింగ్ తీర్పు చెప్పింది. 2022 మేలో సుప్రీంకోర్టు ఇంకా ముందుకెళ్లి, ఉరి కోరే కేసుల్లో ముద్దాయి మానసిక స్థితి, బాల్యం, కుటుంబం, జైల్లో నడవడి గురించిన నివేదికలు కింది కోర్టులోనే తెప్పించుకోవాలంది. అంతకు నెల ముందు, మధ్యప్రదేశ్‌లో నాలుగేళ్ల పాపను చంపినవాడి ఉరిని యావజ్జీవంగా, చచ్చేదాకా జైల్లో ఉంచే శిక్షను ఇరవయ్యేళ్లుగా మార్చింది. అదే రోజు తీర్పు, అదే రోజు శిక్ష అన్న పద్ధతి సరైనదేనా అన్న ప్రశ్నను ఆ సెప్టెంబరులో ఐదుగురు జడ్జీల ధర్మాసనానికి పంపింది. నిజానికి ఉరి పడ్డవాళ్లలో అత్యధికుల శిక్షలు పైకోర్టుల్లో నిలవవు. 2023లో దేశంలో కింది కోర్టులు 120 మందికి ఉరి వేస్తే, అందులో సగానికి పైగా అత్యాచారంతో కూడిన హత్యలే.

మరి పదేళ్ల శిక్ష పడ్డవాడి సంగతి? వాడి కోసం మనస్తత్వ నిపుణుణ్ని ఎవరూ పంపరు. వాడి బాల్యం ఎవరికీ అక్కర్లేదు. వాడు ఆ పని ఎలా మొదలుపెట్టాడు, ఎవరిని ఎంచుకున్నాడు, పట్టుబడకపోతే ఇంకెంతమందిపై చేసేవాడు అని ఎవరూ రాసిపెట్టరు. జీవితాంతం లోపలే ఉండబోయేవాడు మారతాడో లేదో తెలుసుకోవడానికి నిపుణుల్ని పిలుస్తున్నాం. పదేళ్లకు మన వీధి చివర బస్సు దిగబోయేవాడి గురించి మాత్రం ముసలి తల్లి ఉందా అని అడిగి ఊరుకుంటున్నాం.

ఆ వీధి ఎవరిదో కూడా గుర్తుంచుకోవాలి. జాతీయ నేర గణాంకాల సంస్థ ఏటా చెబుతున్న సంగతే: అత్యాచారం కేసుల్లో పదింట తొమ్మిదికి పైగా నిందితుడు బాధితురాలికి తెలిసినవాడే. పక్కింటివాడు, మేనమామ, ట్యూషన్ మాస్టారు, కొన్నిసార్లు తండ్రి. 2022లో దేశంలో 31,516 అత్యాచార కేసులు నమోదైతే, విచారణ ముగిసిన కేసుల్లో శిక్ష పడినవి నాలుగో వంతు కన్నా కొంచెమే ఎక్కువ. శిక్షలు ఎంత పెద్దవైతే సాక్షులు కోర్టులో అంత గట్టిగా నిలబడతారని అనుకోవడం వీధి రాజకీయం. నాన్న ఇరవయ్యేళ్లు జైలుకెళ్తాడని తెలిసిన పన్నెండేళ్ల పిల్లపై ఇంట్లో ఎవరెవరి ఒత్తిడి పడుతుందో, ఆ పిల్ల బోనులో ఏమని చెబుతుందో పోక్సో కోర్టుల్లో పిల్లలకు తోడుండే సహాయ వ్యక్తుల్ని అడిగితే చెబుతారు.

కనీస శిక్షల ఇనుపచట్రం ఇంకో వైపు కూడా కొరుకుతుంది. పశ్చిమ బెంగాల్లో పద్నాలుగేళ్ల అమ్మాయి పాతికేళ్లవాడితో వెళ్లిపోయి, అతన్నే పెళ్లాడి, బిడ్డను కన్నది. పోక్సో కోర్టు అతనికి ఇరవయ్యేళ్లు వేసింది. హైకోర్టు అమ్మాయిలు కోరికలు అదుపులో పెట్టుకోవాలని ఉపన్యాసం చెప్పి అతన్ని వదిలేసింది. 2024లో సుప్రీంకోర్టు ఆ ఉపన్యాసాన్నీ తీర్పునూ కొట్టేసి, నేరం జరిగిందని నిర్ధారించింది. అక్కడితో ఆగలేదు. నిపుణుల కమిటీని ఆ అమ్మాయి దగ్గరికి పంపింది. ఆమెను బాధించింది అతనికన్నా ఎక్కువగా పోలీసులు, కోర్టులు, వెలేసిన పుట్టిల్లు అని, అతన్ని విడిపించుకోవడానికే ఆమె అప్పులపాలైందని కమిటీ చెప్పింది. 2025 మే 23న జస్టిస్ అభయ్ ఓకా, జస్టిస్ ఉజ్జల్ భుయాన్ రాజ్యాంగంలోని 142వ అధికరణం కింద తమకున్న అసాధారణ అధికారం వాడి, నేరం ఖాయమే కానీ శిక్ష అక్కర్లేదన్నారు. జస్టిస్ భుయాన్ అంతకుముందు తెలంగాణ ప్రధాన న్యాయమూర్తిగా పనిచేసినవారే. ఆ తీర్పును మెచ్చుకోవచ్చు, విమర్శించవచ్చు కూడా. పద్నాలుగేళ్ల పిల్ల అన్న మాట గొంతులో ముల్లులా గుచ్చుకుంటూనే ఉంటుంది. ఈ లేఖకు అందులో పనికొచ్చేది ఒక్కటే: శిక్ష గురించి తేల్చే ముందు ఒకరిని పంపి, బాధితురాలి బతుకు ఎలా ఉందో కనుక్కున్నారు. 142వ అధికరణం మచిలీపట్నం జడ్జికీ మహబూబ్‌నగర్ జడ్జికీ లేదు. మనిషిని పంపి కనుక్కునే వీలు మాత్రం ఉంది.

అసలు లైంగిక నేరస్థుడు మారతాడా అని మీరు అడగవచ్చు. తేలిక జవాబు లేదు. ఇంగ్లండు, వేల్స్ జైళ్లలో 1990ల తొలినాళ్ల నుంచి ఒక చికిత్సా కార్యక్రమం నడిచింది. గుంపుగా కూర్చోబెట్టి, చేసిన నేరాన్ని పదేపదే చెప్పించడం, బాధితుల బాధను ఊహించమనడం అందులో ముఖ్యం. ప్రపంచమంతా దాన్ని ఆదర్శంగా చెప్పుకుంది. 2017లో అక్కడి న్యాయశాఖే లెక్క తీస్తే, చికిత్స పొందినవాళ్లలో నూటికి పదిమంది మళ్లీ లైంగిక నేరం చేశారు, పొందనివాళ్లలో ఎనిమిది మంది. పావు శతాబ్దం నడిపిన కార్యక్రమాన్ని ఆపేసి వేరేవి మొదలుపెట్టారు. తప్పు ఒప్పుకోవడానికీ ధైర్యం కావాలి. మన దగ్గరైతే ఒప్పుకోవడానికి ముందు లెక్క తీయాలి కదా.

ఆ అంకెల్లో ఇంకో సంగతి కూడా దాగుంది. చికిత్స లేకపోయినా నూటికి తొంభై మందికి పైగా మళ్లీ లైంగిక నేరంతో పట్టుబడలేదు. పట్టుబడకపోవడం, చేయకపోవడం ఒకటి కాదన్నది నిజమే. అయినా “వీళ్లు జన్మలో మారరు” అన్న మాట కూడా ఆ లెక్కకు నిలవదు. ఎవరు ఆ పదిమందిలో ఉంటారు, ఎవరు తొంభైలో ఉంటారన్నది కనిపెట్టడమే అసలు పని.

కెనడాలోని హామిల్టన్‌లో 1994లో పిల్లలపై నేరాలు చేసిన ఒకడు శిక్ష ముగించుకొని వచ్చాడు. ఊరంతా భగ్గుమంది. ఒక మెనొనైట్ పాస్టరు తన సంఘంలోని కొందరిని పోగేసి, రోజూ అతన్ని కలిసేలా, అతను ఎక్కడికి వెళ్తున్నాడో, ఏం చేస్తున్నాడో నిలదీసేలా ఏర్పాటు చేశాడు. టీ తాగించడం, వెన్నంటి కాపలా కాయడం రెండూ వాళ్ల పనే. అలాంటి బృందాలు తర్వాత ఇంగ్లండుకూ అమెరికాకూ వెళ్లాయి. మినసోటాలో వాటిని చిన్న స్థాయిలో పరీక్షిస్తే మళ్లీ లైంగిక నేరంపై అరెస్టులు బాగా తగ్గాయి. జర్మనీలో రెండేళ్లకు మించి శిక్ష పడ్డ లైంగిక నేరస్థుడికి చికిత్స అవసరమని తేలితే, అతన్ని ప్రత్యేక చికిత్సా జైలుకు పంపాల్సిందేనని 2003 నుంచి చట్టమే చెబుతోంది.

మన జైళ్లు ఏమీ చేయడం లేదని కాదు. అనంతపురంలో ఖైదీల వ్యవసాయ క్షేత్రం 1965 నుంచి ఉంది. తెలంగాణ జైళ్లలో సబ్బులు, బేకరీ సరుకులు, ఫర్నిచరు ‘మై నేషన్’ పేరుతో అమ్ముతారు. జైళ్ల శాఖ పెట్రోలు బంకుల్లో ఖైదీలే పెట్రోలు కొడతారు. దొంగతనం చేసినవాడికి ఈ ఉపాధి కొత్త దారి చూపిస్తుంది. ట్యూషన్ చెబుతూ పిల్లల్ని తడిమినవాడికి కొరవడింది ఉపాధి కాదు. అతనికి బ్రెడ్డు చేయడం నేర్పి పంపితే, బ్రెడ్డు చేయడం తెలిసిన అదే మనిషి బయటికొస్తాడు. 2018 సెప్టెంబరులో కేంద్రం లైంగిక నేరస్థుల జాతీయ జాబితా ప్రారంభించింది. మొదటి రోజే అందులో నాలుగు లక్షలకు పైగా పేర్లున్నాయి. పోలీసులు చూసుకోవడానికి అది పనికొస్తుంది. జాబితాలో పేరున్నవాడితో మాట్లాడే మనిషి మాత్రం ఆ వ్యవస్థలో ఎక్కడా లేడు.

పునరావాసం అన్న మాట ముందు బాధితురాలిది. 2018 నాటి జాతీయ పథకం ప్రకారం అత్యాచార బాధితురాలికి నాలుగు నుంచి ఏడు లక్షల పరిహారం ఇవ్వాలి. హైదరాబాద్‌లో బాధితులకు సాయం చేసే భరోసా కేంద్రం, దాని పక్కనే పిల్లలు భయపడకుండా సాక్ష్యం చెప్పే కోర్టు వచ్చాయి. అవి మంచి పనులు, ఎవరూ కాదనరు. శిక్ష ఖరారు చేసే రోజున మాత్రం ఆమె మాట వినే ఏర్పాటు మనకు ఇప్పటికీ లేదు. బాధితుల గోడు లిఖితపూర్వకంగా కోర్టు ముందుంచాలని 2018లో జస్టిస్ మదన్ లోకూర్ ఒక తీర్పులో సూచించారు. నిద్ర పట్టకపోవడం, బడి మానేయడం, ఇల్లు మారడం, దోషి విడుదలైతే అదే సందులో ఎదురుపడతాడన్న భయం – ఇవన్నీ తెలియకుండా పదేళ్లా, పదిహేనేళ్లా అన్నది జడ్జి దేన్నిబట్టి తేలుస్తారు?

ఇంగ్లండు జడ్జీలకు దీనికొక లిఖిత మార్గదర్శకం ఉంది. హాని ఎంత, తప్పు ఎంత అన్న రెండు కొలతలతో మొదలుపెట్టి మెట్లెక్కాలి. అందులో ఒక నియమం మన కోర్టులకు బాగా పనికొస్తుంది. మంచిపేరు ఉన్నవాడని శిక్ష తగ్గించమంటే, నేరం ఎంత పెద్దదైతే ఆ పేరుకు విలువ అంత తక్కువ. ఆ మంచిపేరునే ఎరగా వాడుకొని నేరం చేసి ఉంటే, శిక్ష పెంచడానికి అది కారణం కావచ్చు. బడిపంతులుకు, బాబాకు, కోచ్‌కు ఊళ్లో ఉన్న గౌరవాన్ని మన తీర్పులు ఇప్పటికీ పక్కన కూర్చోబెట్టి మర్యాద చేస్తాయి.

మన దేశానికీ అలాంటి మార్గదర్శకం కావాలని 2003లో మలిమత్ కమిటీ, 2008లో మాధవ మీనన్ కమిటీ చెప్పాయి. 2024 మేలో జస్టిస్ ఎం.ఎం.సుందరేశ్, మదనపల్లెకు చెందిన జస్టిస్ ఎస్.వి.ఎన్.భట్టి, బీహార్‌లో హడావుడిగా ముగించి ఉరి వేసిన ఒక పోక్సో కేసును చూస్తూ, మన దేశంలో శిక్ష అన్నది జడ్జిని బట్టి మారిపోతోందని, సమగ్ర శిక్షా విధానం గురించి కేంద్ర న్యాయశాఖ ఆలోచించాలని అన్నారు. ఆరు నెలల గడువు పెట్టారు.

కేంద్రం కోసం మీరు ఎదురుచూడనక్కర్లేదు. కింది కోర్టులకు పని పద్ధతి చెప్పే అధికారం మీకుంది. జడ్జీలకు శిక్షణ ఇచ్చే అకాడమీలు మీ చేతిలో ఉన్నాయి. లైంగిక నేరాల్లో, ఉరి ప్రసక్తి ఉన్నా లేకపోయినా, నేరం రుజువైన రోజున శిక్ష వేయొద్దని చెప్పండి. రెండు మూడు వారాల గడువిచ్చి జిల్లా ప్రొబేషన్ అధికారి నుంచి, జైలు సూపరింటెండెంటు నుంచి, ప్రభుత్వ ఆసుపత్రి మానసిక వైద్యుడి నుంచి నివేదికలు తెప్పించుకోమనండి. ప్రొబేషన్ అధికారి ఊరికి వెళ్లి రాయాలి, ఆఫీసులో కూర్చొని ఫారం నింపి పంపేస్తే చాలదు. బాధితురాలు చెప్పదలుచుకుంటే ఆమె మాట ఆ ఫైల్లో చేరాలి. చెప్పడం ఇష్టం లేకపోతే దాన్నీ గౌరవించాలి. కనీస శిక్షకు పైన ఎన్నేళ్లు ఎందుకు వేశారో, ఎందుకు వేయలేదో తీర్పులో రాయమనండి. ముసలి తల్లి ప్రస్తావన ఉన్న వాక్యాన్ని కొట్టేయనక్కర్లేదు. దానితోపాటు అసలు కారణాలూ ఉండాలి.

ఆ నివేదికలు తీర్పుతోపాటు జైలుకు వెళ్లాలి. ఇప్పుడు జైలుకు వెళ్లేది వారంటు, అందులో సెక్షను నంబరు, ఏళ్లు. మనిషి గురించి ఏమీ ఉండదు. జైల్లో మనస్తత్వ నిపుణుల పోస్టులు మంజూరు చేయమని రెండు ప్రభుత్వాలనూ అడగడానికి మీకు ఎవరి అనుమతీ అక్కర్లేదు, సుమోటో పిటిషన్ చాలు. ఇవేవీ శిక్షను ఒక్క రోజు కూడా తగ్గించమని అడిగేవి కావు. కొందరి విషయంలో పెంచాల్సి కూడా రావచ్చు.

పదేళ్ల కనీస శిక్ష 2018 ఏప్రిల్ 21న అమల్లోకి వచ్చింది. ఆ ఏడాదే అరెస్టయి, ఆ శిక్ష పడి, చర్లపల్లిలో, రాజమండ్రిలో, కడపలో ఉన్నవాళ్లకు ఒక్క రోజు తగ్గింపు ఇవ్వకపోయినా 2028 నుంచి విడుదలలు మొదలవుతాయి. ఆ తేదీలు జైలు రిజిస్టర్లలో ఇప్పటికే రాసి ఉన్నాయి.

ఇట్లు,
మీ పరిధిలో నివసించే ఒక పౌరురాలు